ఎవరూ కూర్చోని సమావేశం

మొదటి సమావేశం పందొమ్మిది నిమిషాలు జరిగింది. ఆ పందొమ్మిది నిమిషాలూ మా వైపు నుంచి వెళ్ళిన నలుగురం నిలబడే ఉన్నాం. ఎదురుగా పెద్ద గుండ్రటి బల్ల, దాని చుట్టూ ఎనిమిది కుర్చీలు. ఆ కుర్చీలు మావే, అంటే మేము తయారుచేసే పేము కుర్చీని చూసి నేను కంప్యూటర్‌లో గీసిన నమూనాలు. కుర్చీలు అమ్మడానికి వెళ్ళి, ఒక్కరం కూడా కుర్చీలో కూర్చోకుండా తిరిగి వచ్చాం. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుందని నా నమ్మకం. నాకు వచ్చిన పద్ధతి అదొక్కటే.

మాది పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని అందులో సగం తమిళం. చదవడం, రాయడం మావాళ్ళకు తమిళంలోనే. తెలుగు అక్షరాలు ఇంట్లో నాకొక్కడికే వచ్చు, అవీ కాలేజీలో ఉండగా ఫోన్ చూసి నేర్చుకున్నవి. మా నాన్నకు అన్న, నేను పెదనాయన అని పిలిచే ఆయన, టేకు చట్రాలకు పేము అల్లి కుర్చీలు చేయించి అమ్ముతాడు. పని జరిగేది ఉప్పళంలోని షెడ్డులో. వైట్ టౌన్‌లో ఒక పాత ఇంటి ముందుగది మా ఆఫీసు. లాస్‌పేటలో ఇంజనీరింగ్ చదువుకున్న నేను రెండేళ్ళు వేరేచోట ఉద్యోగం చేసి, ఆ ఆఫీసులో చేరాను.

ఆ ఏడాది వేసవిలో పెదనాయన ఒక నిర్ణయం చెప్పాడు. కొనేవాళ్ళందరూ మెత్తలు వేసిన కుర్చీలే అడుగుతున్నారు. అల్లిక పని వారానికి రెండు రోజులు కూడా ఉండటం లేదు.

"ఆగస్టు లోపల పెద్ద ఆర్డరు ఏదన్నా వస్తే సరి. రాకపోతే అల్లిక మూసేద్దాం. ఆ తావు గోడౌనుకు కావాలని అడగతా ఉండారు" అన్నాడు.

అల్లికలో ఐదుగురున్నారు. వాళ్ళకు మేస్త్రి నేను మామ అని పిలిచే ఒక పెద్దమనిషి. చుట్టం కాదు, మా వీధిలోనే ఉండే తెలుగాయన. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఒకే మూల కూర్చుని పేము అల్లుతున్నాడు. పెదనాయన ఈ మాట చెప్పినప్పుడు మామ పక్కనే ఉన్నాడు. "సరి అన్నా" అన్నాడు, అంతే.

పెద్ద ఆర్డరు వచ్చే దారి జూన్‌లో ఒకటి కనిపించింది. ఐరోపాలో ఒక హోటలు భోజనశాలకు నూట ఇరవై పేము కుర్చీలు కావాలని, ఆ హోటలుకు లోపలి అలంకరణ చేస్తున్న డిజైనరు ఒకామె మా కుర్చీల ఫొటోలు చూసి ఉత్తరం రాసింది. ఆమె మనుషులు మూడు దేశాల్లో ఉన్నారట. ఎవరూ ప్రయాణాలు చేయరట. అందుకని ఆ భోజనశాలను అసలు కొలతల్లోనే ఒక వర్చువల్ ప్రపంచంలో కట్టుకున్నారు. సమావేశాలన్నీ అందులోనే. సరుకు ఇచ్చేవాళ్ళు కూడా కళ్ళకు హెడ్‌సెట్లు పెట్టుకుని అక్కడికే రావాలి, తమ సరుకు నమూనా ముందుగా పంపాలి. దానికి పద్నాలుగు పేజీల మార్గదర్శిని జతచేసింది.

నేను ఆ పద్నాలుగు పేజీలు రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే చాలా సంతోషపడ్డాను. ఆఫీసులో నేను చేరినప్పటి నుంచి నా చదువుకు తగ్గ పని అదే మొదటిది.

"నువ్వు చదివినోడివి. ఏం కావాల్నో చూడు" అన్నాడు పెదనాయన.

నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి, హెడ్‌సెట్. రెండు, ఒక్కొక్కరికి ఒక ఖాతా. మూడు, ఒక్కో మనిషికి ఆరడుగుల చదరం ఖాళీ నేల. నాలుగు, ఇంటర్నెట్, కరెంటు పోతే దానికి మారు ఏర్పాటు. ఐదు, వెళ్ళే ప్రతివాళ్ళూ నాలుగు విద్యలు నేర్చుకోవాలి: నడవడం, తిరగడం, కూర్చోవడం, మైకు ఆపడం. వెళ్ళేది పెదనాయన, మామ, ఉత్తరాలు రాసే ఆఫీసు అక్క, నేను. వారం రోజుల పని అనుకున్నాను. ఐదు వారాలు పట్టింది.

ఖాతా దగ్గరే మొదటి వారం పోయింది. మామకు ఈమెయిల్ లేదు. చేశాను. పుట్టినరోజు అడిగింది. ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉంది, అది నిజం కాదని మామే చెప్పాడు. అదే వేశాను. ఫోన్ నంబరు ఇస్తే ఆ నంబరు మీద ఇప్పటికే ఖాతా ఉందంది. మామ కూతురు ఎప్పుడో ఏదో ఆట కోసం చేసి మరిచిపోయిన ఖాతా అది. దాని పాస్‌వర్డు ఆ అమ్మాయికి గుర్తులేదు. అది తీసేయించడానికి నాలుగు రోజులు.

ఆ తర్వాత బొమ్మలు. ఆ ప్రపంచంలో మన బదులు తిరిగే ఆకారాన్ని మా ఆఫీసులో అందరూ బొమ్మ అనేవాళ్ళు. నలభై రకాల టోపీలున్నాయి గాని నుదుట విభూతి పెట్టే వీలు లేదు. పెదనాయన చాలాసేపు వెతికించాడు.

"ఈ మొగం నాది గాదురా. బోసిగా ఉండాది."

"అందరి మొహాలూ అట్లనే ఉంటాయి పెదనాయనా."

"అట్లయితే నేనని వాళ్ళకు ఎట్ల తెలుస్తాది?"

"నెత్తి మీద పేరు ఉంటుంది."

"విభూతికి తావు లేదు గాని నెత్తిన బోర్డుకు తావుందా?" అన్నాడు.

మామ ముదురు నీలం కోటు వేసుకున్న బొమ్మను ఎంచుకున్నాడు. "ఇట్లాంటి కోటు నా పెండ్లికి గూడా ఏసుకోలా" అని అద్దంలో చూసుకున్నట్టు అటూ ఇటూ తిరిగి, ఆ తిరగడంలో నిజంగా గదిలోని స్తంభానికి భుజం కొట్టుకున్నాడు. మా ముందుగదిలో రెండు లావాటి స్తంభాలున్నాయి. ఆ రోజు నుంచి నేల మీద సుద్దతో చదరాలు గీశాను. చదరం దాటితే హెడ్‌సెట్ లోపల ఎర్రటి వల కనిపిస్తుందని చెప్పాను. మామ ఆ వలను పక్కకు తోయడానికి చేతులు ఆడించేవాడు.

మెనూలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అందుకని చేతిలో పట్టుకునే కంట్రోలర్ బొమ్మ గీసి, ఏ బటన్ దేనికో తెలుగు మాటల్లోనే, తమిళ అక్షరాలతో రాసి లామినేట్ చేయించి ఇచ్చాను. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ కాగితం కనిపించదన్న సంగతి నాకు మర్నాడు గాని తట్టలేదు. పెదనాయనకు నాలుగు నిమిషాలు దాటితే కళ్ళు తిరిగేవి. "పడవ మీద నిలబడినట్టుంది, తీయరా తీయి" అని హెడ్‌సెట్ ఊడదీసి, నిమ్మకాయ సోడా తాగి, ఆ పూటకు చాలనేవాడు. అక్క చక్కగా నేర్చుకుంది గాని, నేను లేనప్పుడు సాధన చేయమంటే ఒక్కరోజూ చేయలేదు. ఎవరిని అడిగినా "సరి సరి" అనేవాళ్ళు. ఆ "సరి సరి" వింటే నాకు ఒళ్ళు మండేది. చేస్తామనీ కాదు, చేయమనీ కాదు.

మేము కొన్న హెడ్‌సెట్ ఒక్కటే. మిగతా మూడూ సమావేశం రోజుకు మాత్రం చెన్నై నుంచి అద్దెకు వస్తాయి. కాబట్టి ఒక్కొక్కరికి విడివిడిగా నేర్పాను. పెదనాయనకు పొద్దున, మామకు మధ్యాహ్నం భోజనమయ్యాక, అక్కకు సాయంత్రం. ముగ్గురికీ నాలుగేసి విద్యలు. ఐదో వారం చివరకు నా నోటుబుక్కులో పన్నెండు టిక్కులు పడ్డాయి. పెదనాయన కూడా కుర్చీ వైపు చేయి చూపించి, కింది బటన్ నొక్కి, బొమ్మను చక్కగా కూర్చోబెట్టాడు. నేనా రోజు అందరికీ సమోసాలు తెప్పించాను.

ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రెండున్నరకు సమావేశం. అద్దె హెడ్‌సెట్లు ఆ ఉదయమే వచ్చాయి. గదిలోని కుర్చీలు, బల్లలు అన్నీ వరండాలోకి చేర్చి నాలుగు చదరాలు గీశాను. రెండున్నరకల్లా నలుగురం లోపల ఉన్నాం. అంటే గదిలో నాలుగు చదరాల్లో నలుగురం నిలబడి ఉన్నాం, అక్కడ భోజనశాలలో మా నాలుగు బొమ్మలూ నిలబడి ఉన్నాయి. పెద్ద కిటికీలు, అవతల మంచు కొండలు. ఆమె, ఆమె సహాయకుడు వచ్చి పలకరించి, మా కుర్చీల్లో కూర్చున్నారు. మమ్మల్ని కూడా కూర్చోమంది.

పెదనాయన కింది బటన్‌కు బదులు పైది నొక్కాడు. ఆయన బొమ్మ చప్పట్లు కొట్టింది.

ఆమె నవ్వి ఊరుకుంది. తమకు ఇంతకుముందు కుర్చీలు ఇస్తామన్నవాళ్ళు రెండు నెలలు ఆలస్యం చేశారని, దానివల్ల చాలా నష్టపోయామని చెప్పడం మొదలుపెట్టింది. పెదనాయన మళ్ళీ నొక్కాడు. బొమ్మ మళ్ళీ చప్పట్లు కొట్టింది.

"పెదనాయనా, కిందిది. కిందిది నొక్కు" అన్నాను పళ్ళ మధ్య నుంచి. మైకులో వినిపిస్తుందని తెలుసు. వేరే దారి లేదు.

"కిందిదే నొక్కతా ఉండా. ఇది యాడో పోతాంది."

ఆయన బొమ్మ కిటికీ వైపు నడిచి, గాజుకు మొహం ఆనించి నిలబడింది.

అప్పుడు చూశాను. మామ బొమ్మ నిలబడే ఉంది. అక్క బొమ్మ నిలబడే ఉంది. ఇద్దరూ కుర్చీలకు రెండడుగుల దూరంలో, చేతులు ముందుకు పెట్టుకుని ఉన్నారు.

"మామా, నువ్వు కూచో" అన్నాను.

"మీ పెద్నాయన నిలబడుండాడు గదా తంబీ. నేనెట్ల కూచునేది?"

"ఇది నిజం కాదు మామా. బొమ్మలు."

"బొమ్మలయితే ఏంది? నెత్తిన పేరుండాది గదా."

"అక్కా, నువ్వన్నా కూర్చో."

"ముందు అయ్యను కూచోనీ తమ్ముడూ. ఒక్క నిమిషం" అంది అక్క.

వాళ్ళిద్దరి మీద కోపంతో నేను కూర్చోబోయాను. కుర్చీ వైపు చేయి చూపించాను. కింది బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు. అవతల కిటికీ దగ్గర పెదనాయన బొమ్మ మాకు వీపు తిప్పి నిలబడి ఉంది. వేలు ఎందుకు కదల్లేదో నేను ఏ నోటుబుక్కులోనూ రాయలేను. ఆ వేలికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అది.

కుర్చీల్లో ఏమైనా లోపం ఉందా అని అడిగింది ఆమె. లేదండీ, మా సారు నిలబడి ఉన్నారు అని అక్క ఇంగ్లీషులో చెప్పింది. అవును, కనిపిస్తోంది అందామె. అక్క జవాబుకు అర్థం ఏమిటో తెలియక ఆమె సహాయకుడి బొమ్మ తల అటూ ఇటూ తిప్పింది.

కూర్చునే చోటు వెడల్పెంత, అల్లిక ఎన్నేళ్ళు మన్నుతుంది, తెగితే మళ్ళీ అల్లే వీలుందా అని ఆమె అడిగింది. ఈ మూడింటికీ జవాబులు తెలిసింది మామకు. నేను తెలుగులో చెప్పాను. మామ తన బొమ్మను కిటికీ వైపు తిప్పి, పెదనాయన మాట్లాడతాడని ఎదురుచూశాడు. పెదనాయన బటన్లతో కుస్తీ పడుతున్నాడు. నేను నాకు తెలిసిన వెడల్పు చెప్పాను. మిగతా రెండూ కనుక్కుని చెబుతానన్నాను. పందొమ్మిదో నిమిషంలో ఆమె తనకు వేరే పని ఉందంది. ఎనిమిది రోజుల తర్వాత ఇంకొక్కసారి కలుద్దామని, ఈసారి జవాబులు చెప్పగల మనిషి రావాలని, తను ఆ రోజే తేల్చేస్తానని మర్యాదగానే చెప్పింది.

హెడ్‌సెట్లు తీశాక పెదనాయన చొక్కా తడిసి ముద్దయి ఉంది. ఆయనే వరండాలోంచి ఒక కుర్చీ లోపలికి లాక్కుని కూలబడ్డాడు. మామ, అక్క వెంటనే తలొక చోట కూర్చున్నారు. అది చూసి నాకు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలోని కంట్రోలర్ నేలకేసి కొట్టకుండా ఉండటానికి వీధిలోకి నడిచి వెళ్ళిపోయాను. సముద్రం దాకా వెళ్ళి, ఆ ఎండలో రాళ్ళ మీద నిలబడి, నా జాబితాలో తప్పు ఎక్కడుందా అని ఆలోచించాను. దొరికింది. నలుగురినీ కలిపి ఒక్కసారి కూడా సాధన చేయించలేదు. ఒంటరిగా ఉంటే ఎవరైనా కూర్చోగలరు.

ఎనిమిది రోజులుంది. మూడు హెడ్‌సెట్లు ఇంకొన్నాళ్ళు అద్దెకు ఉంచుకుని, నలుగురినీ కలిపి సాధన చేయించవచ్చు. లేదా పెదనాయన బొమ్మ లోపలికి వస్తూనే కూర్చుని ఉండేట్టు అమర్చవచ్చు. ఆ అమరిక ఉందని మార్గదర్శిని పదకొండో పేజీలో చదివాను. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. అన్నిటికన్నా సులువైనది అదే. నేను దాన్నే పట్టుకున్నాను.

మర్నాడు ఆఫీసు వరండాలో పెదనాయన పేపరు చదువుతుంటే వెళ్ళి చెప్పాను.

"పెదనాయనా, ఈసారి నువ్వు రావొద్దు."

ఆయన పేపరు దించలేదు. "ఎందుకు?"

"నువ్వుంటే వాళ్ళు కూర్చోరు. మాట్లాడరు. మామకు అన్నీ తెలుసు, నువ్వుంటే నోరు విప్పడు."

"నా కండ్లు తిరగతా ఉండాయని చెప్పరాదూ? అదైతే బాగుండేది" అన్నాడు.

కింద జారిపడిన పేపరు పేజీ తీసి ఆయన పక్కన పెట్టాను.

"సెరి. ఆర్డరు రావాల. అంతే గదా" అని పేజీ తిప్పాడు.

రెండో సమావేశం రోజు ఆయన వరండాలోనే కూర్చున్నాడు. తలుపు దగ్గరగా వేశాను. లోపల ముగ్గురం. ఆమె కూర్చోమనగానే నేను కూర్చున్నాను, మామ కూర్చున్నాడు, అక్క కూర్చుంది. మూడు బటన్లు, మూడు సెకన్లు. నాకు నిజంగా చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ రోజు మామ మాట్లాడినట్టు నేనెప్పుడూ వినలేదు. ఆమె అడగడమే ఆలస్యం. పేమును ఎంతసేపు నానబెట్టాలి, తడిగా ఉండగా అల్లితే ఆరేకొద్దీ ఎట్లా బిగుసుకుంటుంది, అల్లిక ఎక్కడ మొదట తెగుతుంది, తెగినంత మేరకే మళ్ళీ ఎట్లా అల్లవచ్చు, అన్నీ చెప్పాడు. నేను ఇంగ్లీషులోకి తిప్పలేక తడుముకుంటే అక్క అందుకునేది.

"ఆ యమ్మను అడుగు, ఆ హోటల్లో తినేవోళ్ళు ఎనక్కి ఊగతారా అని. కొందరికి తినేటప్పుడు ఊగే బుద్ధి ఉంటాది. ఊగేట్టయితే ఎనక కాళ్ళకు ఇంకో అడ్డ కావాల."

అడిగాను. ఆమె గట్టిగా నవ్వింది. ఊగుతారట. అడ్డపట్టీ వేయమంది.

నలభై నిమిషాలు గడిచాయి. చివరికి ఆమె అసలు సంగతికి వచ్చింది. నూట ఇరవై కుర్చీలూ నవంబరు ఆఖరుకు మీ దగ్గర నుంచి బయలుదేరాలి, వీలవుతుందా?

తెలుగులో మామకు చెప్పి ఆయన వైపు తిరిగాను. కోటు వేసుకున్న బొమ్మ నన్నే చూస్తోంది. నాలుగు సెకన్లకొకసారి రెప్ప వేస్తోంది. ఆ ప్రపంచంలో అన్ని బొమ్మలూ అలాగే వేస్తాయి. అసలు మొహం హెడ్‌సెట్ కింద ఉంది.

"నువ్వే చెప్పు తంబీ" అన్నాడు మామ.

నా లెక్క నా దగ్గర ఉంది. ఒక కుర్చీ అల్లడానికి ఒక మనిషికి ఒకటిన్నర రోజు. ఐదుగురు. నూట ఇరవై కుర్చీలకు ముప్పై ఆరు పనిదినాలు. చట్రాలు సెప్టెంబరు ఆఖరుకల్లా తయారవుతాయి. అక్టోబరు, నవంబరు రెండు నెలలూ అల్లికకే ఉన్నాయి. పండుగలు, సెలవులు తీసేసినా పదిరోజులు మిగులుతాయి.

వీలవుతుంది అన్నాను. ఆమె సంతోషం అంది. ఆర్డరు మీదే అంది.

హెడ్‌సెట్ ఊడబెరికి, చెమట తుడుచుకోకుండానే తలుపు తీశాను. "వచ్చేసింది పెదనాయనా! నూట ఇరవై!"

ఆయన లేచి నిలబడ్డాడు. మొహమంతా వెలిగిపోయింది. నా భుజం పట్టుకుని ఊపాడు. "ఎప్పటికి అడిగినారు?"

"నవంబరు ఆఖరుకి."

చేయి భుజం మీదే ఉంది గాని ఊపడం ఆగింది. నా వెనక మామ వచ్చి గడపలో నిలబడి ఉన్నాడు. పెదనాయన ఆయన్ని చూశాడు. మామ నేల చూశాడు.

"చట్రాలు వచ్చేది పురటాసి మధ్యలో. అంటే అల్లేది ఐప్పసిలో. ఐప్పసిలో ఈ ఊర్లో ఎండ యాడుందిరా?" అన్నాడు పెదనాయన. పురటాసి, ఐప్పసి తమిళ నెలలు. పురటాసి సెప్టెంబరు సగంలో మొదలవుతుంది. ఐప్పసి అంటే అక్టోబరు సగం నుంచి నవంబరు సగం దాకా, మాకు అసలైన వానాకాలం. "తడి పేము ఆరదు. ఆరకపోతే బిగియదు. వారానికి బూజు పట్టి నల్లగవతాది. పాలిష్ ఏస్తే తెల్లబడతాది. ఆ రెండు నెలలు మనం అల్లిక పెట్టుకుంటామా? ఎప్పుడన్నా చూసినావా?"

చూడలేదు. నేను చేరింది జనవరిలో.

"మామా, నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

మామ ఇబ్బందిగా కదిలాడు. "నువ్వు అయితాదని అనేసినావు. మీ ఇంటోళ్ళు ఒక మాట అన్నాక, బయటోళ్ళ ముందర నేను కాదంటే ఎట్లుంటాది? ఆ యమ్మ ఏమనుకుంటాది?"

"అందుకే గదా పెదనాయనను రావొద్దన్నది! నువ్వు మాట్లాడాలనే గదా!"

"మాట్లాడినా గదా. ఆయన లేడు, నువ్వుండావు. ఆయన లేకపోతే నువ్వే గదా అక్కడ పెద్ద?"

పెదనాయన నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. "నన్ను అడిగుంటే చెప్పేవాడిని. ఈ తలుపు ఎనకాలే ఉండా" అన్నాడు. అది తిట్టుకన్నా ఎక్కువ.

అల్లిక ఎండలో జరగాలంటే జనవరి దాకా గడువు కావాలి. ఆ సంగతి ఉత్తరంలో రాస్తానంటే పెదనాయన ఒప్పుకోలేదు. "మొగం చూసి ఒప్పుకున్నావు, మొగం చూసి చెప్పు" అన్నాడు. అక్కడ మొహాలు లేవని ఆయనకూ తెలుసు. తోడు రమ్మంటే రానన్నాడు. మామను రమ్మని నేను అడగలేదు.

మూడో సమావేశానికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఎనిమిది కుర్చీల మధ్య ఒక కుర్చీలో కూర్చుని, ఎదురుగా కూర్చున్న ఆమెకు, నేను చెప్పింది తప్పని చెప్పాను. వానల సంగతి చెప్పాను. జనవరి ఆఖరు దాకా గడువు అడిగాను. పోయినసారి మేస్త్రి నా పక్కనే ఉన్నాడు గదా, ఆయనకు ఈ సంగతి తెలియదా అని అడిగింది. తెలుసన్నాను. మరెందుకు చెప్పలేదు అంది. నేను అక్కడ ఉన్నందువల్ల అన్నాను. ఆమెకు అర్థమైనట్టు లేదు. వివరించబోయి ఆగిపోయాను. ఇంగ్లీషులో అది ఇంకా అన్యాయంగా వినిపిస్తుంది.

హోటలు తెరిచే రోజు మారదంది. వానలకు ముందు చేయగలిగినన్నే తీసుకుంటానంది. చట్రాల పనికి ఇంకో ఇద్దరు వడ్రంగులను పెట్టి, అల్లిక ముందుకు జరిపి లెక్కవేస్తే, అక్టోబరు మధ్యకు అరవై అవుతాయి. ఈసారి ఆ లెక్క పెదనాయనకు చూపించి, మామకు చూపించి, ఇద్దరూ తల ఊపాకే పంపాను. మిగతా అరవై ఇంకో దేశంలో ఇంకెవరికో వెళ్ళాయి.

అరవై కుర్చీలతో ఐదుగురి అల్లిక నిలవదు. పెదనాయన సగం మాట నిలబెట్టుకున్నాడు, సగం మాట వదులుకున్నాడు. షెడ్డులో అల్లిక తావును రెండు చేసి, ఒక సగం అల్లికకే ఉంచి, రెండో సగం గోడౌనుకు ఇచ్చాడు. ఐదుగురిలో మామతో కలిపి ముగ్గురున్నారు. ఒకాయన సోఫాలకు మెత్తలు కుట్టే చోట చేరాడు. ఇంకొకాయన ఏం చేస్తున్నాడో మామకు తెలుసు, నాకు చెప్పలేదు.

గోడ కట్టే రోజు పొద్దున్నే టేపుతో వెళ్ళి కొలిచాను. అల్లిక వైపు పద్నాలుగు అడుగులు. తాపీమేస్త్రి సుద్దతో గీత గీసి, "ఇక్కడే గదా?" అన్నాడు తమిళంలో. పెదనాయనను అడిగితే నన్ను అడగమన్నాడట. నేను మామ వైపు చూశాను.

"సరిపోతుందా మామా?"

"నువ్వు కొలిచినావు గదా తంబీ."

"నేను కొలిచింది తావు. పనికి సరిపోతుందా అని అడుగుతున్నా."

"సరి సరి. ఎట్లయినా చేసుకుంటాం."

నేను టేపు చుట్టి జేబులో పెట్టుకుని, తాపీమేస్త్రిని టీ తాగి రమ్మన్నాను. అక్కడే ఇటుకల మీద కూర్చున్నాను. మామ ఎదురుగా నిలబడ్డాడు. ఎంతసేపైనా కూర్చుంటానని, ఆయన చెప్పేదాకా ఇటుక లేవదని అన్నాను. ఆయన నవ్వాడు. పేము కట్టలు సర్దాడు. బయటికి వెళ్ళి వచ్చాడు. తాపీమేస్త్రి టీ తాగి వచ్చి, ఇంకో టీ తాగడానికి వెళ్ళి, మూడోసారి వచ్చి నా మీద విసుక్కున్నాడు. ఎండ షెడ్డు రేకుల మీదికి ఎక్కింది. నా చొక్కా వీపుకు అంటుకుంది.

పదకొండు దాటాక మామ వచ్చి, మడమతో సుద్దగీత చెరిపి, దానికి మూడడుగులు అవతల, గోడౌను వైపు, కాలి బొటనవేలితో దుమ్ములో ఇంకో గీత గీశాడు.

"పేము నానేసే తొట్టి ఈడిదాకా వస్తాది. అది పట్టకపోతే ఏముండాది?" అన్నాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నేను చెప్పినానని మీ పెద్నాయనతో అనొద్దు. నువ్వే కొలిచినట్టు చెప్పు."